గుత్తకిచ్చిన తోటకు చుట్టాలు

సొంత బత్తాయి తోట ఉండి, ఆ తోటకే పోతూ దారిలో ఎల్బీ నగర్ బండి మీద బస్తాల కొద్దీ బత్తాయిలు కొన్న ఆడది మా నల్గొండ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. బండి అతను కాయలు ఎత్తుతూ అడిగాడు.

"ఏమక్కా, ఫంక్షనా?"

"కాదు. తోటకు."

"ఏం తోట?"

"బత్తాయి తోట."

అతను చెయ్యి ఆపి నా మొహంలోకి చూశాడు. తర్వాత బస్సులో డ్రైవర్ సీటు మీద కూర్చున్న మా ఆయన ఉపేంద్ర వైపు చూశాడు. ఈమెకు తిక్కగానీ లేచిందా అన్నట్టు ఉంది ఆ చూపు. మా ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. బజారులో నా వల్ల పరువు పోయేలా ఉందనుకున్నప్పుడల్లా ఆయన చేసే పని అదే.

ఇది పోయిన ఏడు ఆగస్టు చివర సంగతి. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో సాంబమూర్తి సార్ ఇంట్లో కింది వాటాలో కిరాయికి ఉంటాం. నేను, మా ఆయన, మామ గోపయ్య, అత్తమ్మ లచ్చమ్మ, ఇద్దరు పిల్లలు. మా ఆయనకు ఒక మినీ బస్సు ఉంది. పెళ్లిళ్లకు, గుట్ట మీది గుడికి మొక్కులు తీర్చుకోవడానికి పోయేవాళ్లకు తిప్పుతాడు. మామకు చిట్యాల దాటినాక బత్తాయి తోట ఉంది. పొద్దున్నే ఎల్బీ నగర్‌లో బస్సెక్కి తోటకు పోతాడు, పొద్దుగూకే వేళకు వస్తాడు. ఆఫీసుకు పోయినట్టే పోతాడు. టిఫిన్ డబ్బా కూడా ఉంటుంది.

సాంబమూర్తి సార్‌ది రాజమండ్రి వైపు. వ్యవసాయ ఆర్థిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. రైతు కష్టమంతా ఆయన పుస్తకాల్లో ఉంటుంది, మా నీళ్ల మోటారు కష్టం మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కదు. అయినా మంచి మనిషి, కాదనను. ఆ ఏడు హైదరాబాద్‌లో ఏదో అంతర్జాతీయ సదస్సు పెట్టారు. దేశదేశాల వ్యవసాయ ఆర్థికవేత్తలు వస్తారట, ఒక పూట వాళ్లకు పొలాలు, తోటలు చూపించాలట. ఆ చూపించే పని సార్‌కు అప్పజెప్పారు. సార్ ఒక సాయంత్రం మెట్లు దిగి కిందికి వచ్చారు.

"గోపయ్య గారూ, మా అతిథులకి మీ తోట చూపిద్దామనుకుంటున్నానండీ. బస్సు కూడా మన ఉపేంద్రదే పెడదాం."

మామ వెంటనే ఔనలేదు. "తోట గుత్తకిచ్చినం గద సార్."

"చూడ్డానికేనండీ బాబూ. చూస్తే తరిగిపోద్దా?"

మామ భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "చూస్తే ఏం గాదు. కాయను ముట్టద్దు, గంతే."

గుత్త సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కాయ ఇంకా పిందె మీద ఉన్నప్పుడే వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి చూస్తాడు. మొత్తం పంటకు ఒకే ధర మాట్లాడుకుని, కొంత సొమ్ము ముందే బయానాగా ఇస్తాడు. మా తోటలో అయితే గేటు పక్కనున్న మొదటి చెట్టుకు ఒక ఎర్ర గుడ్డ పీలిక కడతాడు. ఆ గుడ్డ కట్టిన రోజు నుంచి ఆఖరి లారీ కదిలేదాకా చెట్టు మాది, కాయ వ్యాపారిది. నీళ్లు పెట్టేది మేమే, మందు కొట్టేది మేమే, తెంపడానికి మాత్రం వీల్లేదు. కాగితం లేదు, సంతకం లేదు. అందరూ ఇంత పట్టింపుగా ఉండరు. మామ ఉంటాడు. గాలికి రాలిన కాయలు కూడా ఏరి వ్యాపారి కోసం కుప్ప పోసి పెడతాడు. "ఈయన తోటల గాలి పీల్వాలన్నా వ్యాపారిని అడిగే పీలుస్తడు," అంటుంది అత్తమ్మ.

ఇన్నేళ్లూ మా తోట పట్టింది బాటసింగారం మార్కెట్లో ఒక పెద్దమనిషి. ఆయన పోయాక కొడుకు రవితేజ పడుతున్నాడు. ఇల్లు గడిచేది ఆ గుత్త మీదే.

తోట చూపిస్తానని ఒప్పుకున్నాడే గానీ, మామకు ఇంకో దిగులు పట్టుకుంది. ఇంటికొచ్చినవాళ్లను చేతిలో ఒక కాయన్నా పెట్టకుండా ఎలా పంపాలి?

"రవితేజకు ఫోన్ కొట్టి అడుగురాదు," అంది అత్తమ్మ.

"అడుగుతే ఒద్దంటడా? అనడు. మొహమాటానికి ఇస్తడు. గట్ల అడుక్కొని చుట్టాలకు పెట్టాల్నా?"

"అయితే ఏం జేద్దామంటవ్?"

"కొనుక్కపోదాం," అన్నాడు మామ.

నాకు నవ్వాగలేదు. అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. కానీ మామ మొహం చూస్తే నిజంగానే అంటున్నాడని అర్థమైంది. అందుకే ఆ పొద్దున ఎల్బీ నగర్ బండి దగ్గర నిలబడి ఆ బేరం చేశాను.

చుట్టాలు బాగానే వచ్చారు. మా బస్సు కాక ఇంకో బస్సు. బస్సుకు రెండు పక్కలా సదస్సు పేరు, పచ్చటి వరికంకి బొమ్మ అంటించారు. ముందురోజు కురిసిన వానకు తోటంతా చిత్తడి. పెద్ద పెద్ద చదువుల వాళ్లు ప్యాంట్లు పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంటే నాకు ముచ్చటేసింది. ఒకాయన బోరు లోతు అడిగాడు, ఇంకొకాయన కూలి రేటు అడిగాడు. సాంబమూర్తి సార్ అటు ఇంగ్లీషులో, ఇటు తెలుగులో చెప్పి చెప్పి చెమటలు కక్కారు. గుత్త అంటే ఏమిటో కూడా చెప్పారట. ఎర్ర గుడ్డను అందరూ ఫోటో తీసుకున్నారు.

ఆఖరికి షెడ్డు కింద అత్తమ్మ, నేను కాయల తొక్క తీసి తొనలు పళ్లాల్లో పెట్టాం. ఎల్బీ నగర్ కాయలు. తిన్నవాళ్లు "వండర్‌ఫుల్, వండర్‌ఫుల్" అన్నారు. చుట్టూ కాయలతో వంగిపోయిన చెట్లు, మధ్యలో బండి మీద కొన్న బత్తాయిలు. మామ మాత్రం నిండుగా నవ్వుతూ అందరికీ చేతులు జోడిస్తున్నాడు.

అప్పుడు జరిగింది. పోలండ్ నుంచి వచ్చిన ఒక పెద్దామె వెనకబడి ఫోటోలు తీసుకుంటూ ఉండిపోయింది. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అందరి చేతుల్లోనూ బత్తాయి తొనలున్నాయి. ఆమె మమ్మల్ని చూసి నవ్వి, పక్కనున్న కొమ్మకు చెయ్యి చాచి ఒక కాయ తెంపేసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మామ వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుని దండం పెట్టింది.

సాంబమూర్తి సార్ మొహం పాలిపోయింది. ఏదో అనబోయారు. మామ కళ్లతోనే వద్దన్నాడు. ఆమెకు తిరిగి దండం పెట్టాడు. ఆమె ఆ కాయను జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. ఆమెను నేనేం అనలేను. ఆరోజు తోటలో అందరికన్నా సంతోషంగా ఉన్నది ఆమే.

ఇంటికొచ్చాక మామ అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అన్నాడు. "రేపు బాటసింగారం పోవాలె."

"ఎందుకు?" అంది అత్తమ్మ.

"రవితేజకు చెప్పాలె."

"ఒక్క కాయకా? నువ్వు చెప్పకుంటే ఎవరికెర్క?"

"నాకెర్క."

"నీకెర్కయితే నోరు మూస్కొని ఉండు! లోకంల అందరు గట్లనే ఉంటరు."

మామ మజ్జిగ పోసుకున్నాడు. అంటే ఇక మాట్లాడడని అర్థం. ఒక్కడినే పంపితే ఏం మాట్లాడుకుని వస్తాడోనని తెల్లారి నేను కూడా బయల్దేరాను.

బాటసింగారం మార్కెట్లో ఆ పొద్దున ఎక్కడ చూసినా లారీలే. అన్నీ నిలబడి ఉన్నాయి, ఒక్కటీ కదలట్లేదు. రవితేజ షెడ్డులో కుర్చీ వేసుకుని, చెవిలో ఫోను తగిలించుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"ఏం కాకా, గింత పొద్దుగాలొచ్చిన్రు?"

"తోటల ఒక కాయ పోయింది బిడ్డా. నిన్న చుట్టాలొచ్చిన్రు. ఒకామె తెల్వక తెంపింది. గుడ్డ కట్టిన తోట, నీకు చెప్పాలె గద."

రవితేజ ముందు నవ్వేశాడు. "ఒక్క కాయ కోసం గింత దూరమొచ్చినవా! నువ్వు మారవు కాకా. కూసోన్రి, చాయ్ తెప్పిస్త."

అంతలో అతని ఫోను మోగింది. పక్కకు పోయి మాట్లాడాడు. ఉత్తరాదిలో వానలు, రోడ్లు బంద్, ఢిల్లీకి పోయిన సరుకు లారీల్లోనే కుళ్లుతోంది. ఇవన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు చాయ్ మాట మర్చిపోయాడు.

"ఎంతమందొచ్చిన్రు కాకా?"

"రెండు బస్సులు."

"రెండు బస్సుల మంది ఒచ్చి ఒక్క కాయ తెంపిన్రా? షెడ్డు కాడ గంపెడు తొక్కలున్నయట, మా మనిషి ఫోన్ చేసిండు."

"గవి కొన్నయి!" అన్నాను నేను. "ఎల్బీ నగర్‌ల నేనే కొన్న."

"బత్తాయి తోటకు బత్తాయిలు కొనుక్కపోయిన్రా?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. హమాలీలు కూడా నవ్వారు. నిజం చెప్పి నలుగురిలో నవ్వులపాలవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. చెవులు వేడెక్కిపోయాయి.

రవితేజ నవ్వలేదు. చేతులు నలుపుకుంటూ అన్నాడు. "నువ్వు అబద్ధమాడినవంటలేను కాకా. గని గుత్త తోటల చెయ్యి పడ్డది. నువ్వే చెప్తున్నవ్. చెయ్యి పడ్డంక గుత్త లేదు. మా నాయిన గిట్లనే అంటుండె గద?"

మామ తల ఊపాడు. "అవు. గట్లనే అంటుండె."

"మరి..."

"గుడ్డ ఇప్పుకోమంటవా?"

"ఇప్పుకోన్రి."

"మంచిది," అన్నాడు మామ.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఢిల్లీకి లారీలు పోతలెవ్వని చెప్పరాదు! సక్కగ చెప్పు, నష్టమొస్తదని ఒదుల్తున్ననని చెప్పు. గా ముసలామె తెంపిన కాయ మీద పెడ్తవేంది?"

రవితేజ ఫోను వైపు చూసుకున్నాడు. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "సంధ్యా, నడువ్ బిడ్డా." బయానా ఆ పూటే మా ఆయన ఫోన్లోంచి తిరిగి పంపించేశాం.

ఎల్బీ నగర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని మామ అన్నాడు. "ఆయనేం అబద్ధం చెప్పలే."

"నిజం గూడ చెప్పలే!" అన్నాను. కోపానికి ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకున్నాను. 

ఇంట్లో అత్తమ్మ అనాల్సినవన్నీ అంది. అవి ఇక్కడ రాయను, పిల్లలు కూడా చదువుతారు. సాంబమూర్తి సార్ కిందికొచ్చి వాకిట్లో నిలబడ్డారు. "నా మూలానే జరిగిందండీ ఇదంతా. నేనొచ్చి ఆ అబ్బాయితో మాట్లాడతాను. కావాలంటే రాసిస్తాను."

"ఒద్దు సార్. గుత్త మాట మీద ఉంటది. మాట పోయినంక మీరొచ్చి ఏం జేస్తరు," అన్నాడు మామ. గొంతులో కోపం లేదు. కానీ ఆయన అంత అలసిపోయి కనపడటం నేనెప్పుడూ చూడలేదు. చెట్ల మీద పంటంతా నిండుగా ఉంది. కోసి అమ్మడం ఇంట్లో ఎవరికీ రాదు. ఇంకో వ్యాపారిని పిలుద్దామంటే, గుత్త పోయిన తోట అని అప్పటికే మార్కెట్ అంతా పాకిపోయింది. గోపయ్య తోటలో చెయ్యి పడిందట అని రెండు చోట్ల నుంచి మా ఆయనకు ఫోన్లు కూడా వచ్చాయి. మామను చంపింది ఆ మాటే. పంట పోతే పోనీ, గోపయ్య గుత్త తోటలో కాయలు తిన్నాడన్న మాట నిలిచిపోతుందని ఆయన దిగులు.

మూడో రోజు వాకిట్లో ఉన్న బస్సు చూస్తూ నేనే అన్నాను. "మనమే కోసి మనమే అమ్ముదాం."

"బస్సులనా?" మా ఆయన ఉలిక్కిపడ్డాడు. "పెళ్లి పార్టీలెక్కే బండి అది. సీట్లు?"

"పీకేయ్. భాద్రపదంల నీ బస్సు ఎవలెక్కుతరు? పెళ్లిళ్లు లెవ్వు, పేరంటాలు లెవ్వు."

ఆయన అత్తమ్మ వైపు చూశాడు. ఎప్పుడూ నా మాట ఒప్పుకోని అత్తమ్మ కొంగు నడుముకు దోపింది. "పీకు," అంది.

తోటకు పోయిన రోజు మామ గుడ్డ పీలిక విప్పి మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెట్టు ముందు నిలబడ్డాడు గానీ, చెయ్యి కాయ మీదికి పోలేదు. మొదటి కాయ అత్తమ్మే తెంపింది. తర్వాత కూలీలు, ఊళ్లోని మా బంధువులు, అందరం పడ్డాం. ముళ్లకు నా చేతులన్నీ గీరుకుపోయాయి. మామ పొద్దంతా కాయలు ఏరాడు, బుట్టలు మోశాడు. ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. ఆ సంగతి అప్పుడు నేనూ గమనించలేదు.

ఎల్బీ నగర్‌లో మెట్రో పిల్లర్ పక్కన బస్సు ఆపి వెనక తలుపు తీశాం. సదస్సు స్టిక్కరు ఎంత గోకినా ఊడలేదు. వచ్చేవాళ్లంతా ముందు ఆ పేరు చదివి తర్వాత కాయ చూసేవాళ్లు.

"ఫారిన్ కాయలా ఇవి?" అని ఒకామె అడిగింది.

"ఫారిన్‌కు పోయిన కాయలమ్మా," అన్నాను. పోలండ్ ఆమె సంచిలో ఒకటి పోయింది కదా, అబద్ధం కాదు.

పొద్దున జ్యూస్ బండ్లవాళ్లకు పోసేవాళ్లం. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ల ముందు నిలబడేవాళ్లం. సాంబమూర్తి సార్ కూడా తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేవారు. "రండమ్మా, తోటలో కాయలండీ, దళారీ లేడండీ!" అని గోదావరి యాసలో అరిచేవారు. తూకం వేయడం మాత్రం రాలేదు. ముల్లు సరిపోయాక కూడా రెండు కాయలు పైన వేసేవారు. "సార్, మీరు మాట్లాడుడు చూస్కోన్రి, తూకం నేను చూస్కుంట," అని తక్కెడ లాక్కున్నాను. ఆయనకు నాతో తిట్లు తినడం బాగుండేదనుకుంటాను, రోజూ వచ్చేవారు.

పని నాకు పట్టుబడింది. మామకే పట్టుబడలేదు. బస్సు మెట్టు మీద కూర్చుని కాయలు తుడిచి పెట్టేవాడు. గిరాకీ వస్తే లేచి నిలబడేవాడు. ఒక సాయంత్రం నేను చిల్లర కోసం పోయి వచ్చేసరికి, ఇద్దరు పిల్లలను పట్టుకుని ఒకావిడ బేరం చేస్తోంది.

"పెద్దాయనా, తియ్యగుంటాయా?"

మామ చేతిలో కాయను తిప్పి చూశాడు. "తెల్వదమ్మా. నేను తినలేదు."

ఆమె ఫక్కున నవ్వి, పిల్లలను లాక్కుని పక్క బండికి పోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మామా! గట్ల చెప్తే ఎవరు కొంటరే? తియ్యగున్నయని అంటే నోరు పోతదా?"

"తెల్వనిది ఎట్ల చెప్పాలె బిడ్డా?"

నేను ఇంకో మాట అనబోయి ఆగిపోయాను. అప్పుడు తట్టింది. పిందె మీద గుడ్డ కట్టేస్తారు. కాయ పండే రోజుల్లో ఈయన ముట్టడు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో బత్తాయి తిన్నామంటే బజారులో కొన్నదే. ఇన్నేళ్లు ఆ చెట్లకు నీళ్లు పెట్టిన మనిషికి తన కాయ రుచి నిజంగానే తెలియదు.

మంచి కాయ ఒకటి ఏరి, కత్తితో తొక్క తీసి, తొనలు విడదీసి ఆయన చేతిలో పెట్టాను. "తిను."

"అమ్మే సరుకు బిడ్డా."

"తినే."

ఆయన ఒక తొన నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. గింజలు అరచేతిలో ఊసి చూసుకున్నాడు. ఇంకో తొన పెట్టుకున్నాడు. చుట్టూ బస్సుల హారన్లు, ఎల్బీ నగర్ మొత్తం ఇళ్లకు పోయే గడబిడ. ఆయన మాత్రం కళ్లు మూసుకుని నములుతున్నాడు.

"గిట్లుంటయా మనయి?" అన్నాడు. "కోతలైనంక కొసల మిగిలినయి తింటుంటి. పుల్లగుండేటియి. మన తోటయి గట్లనే ఉంటయనుకున్న."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తక్కెడ తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను.

అప్పుడే బస్సు డ్యాష్‌బోర్డు మీద మామ ఫోను మోగింది. పేరు చూశాను. రవితేజ. ఎత్తాను. రోడ్లు తెరిచారట, ఢిల్లీలో రేటు లేచిందట. మిగిలిన పంటకు పాత గుత్తే ఖాయం చేసుకుందామట. నోట మాటే కదక్కా, కాకను ఒక్క మాట అడుగు, రేపొచ్చి గుడ్డ కట్టిపోతా అన్నాడు.

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి మామను అడిగాను. "రవితేజ. పాత గుత్తకే తోట ఇస్తవా అంటుండు. ఏం చెప్పాలె?"

మామ కళ్లు తెరిచాడు. చేతిలో ఇంకా సగం కాయ ఉంది. జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి, దాంతో వేళ్లకంటిన రసం తుడుచుకుని, ఇంకో తొన విడదీశాడు.

"కాయ తింటుండు అని చెప్పు," అన్నాడు.